పూజకు దించే పాత పిస్తోలు: ‘ఖాళీదే’ అనుకోవడమే ప్రమాదం

దసరా దగ్గర పడుతున్నకొద్దీ ఊళ్లలో ఇనుప వస్తువులకు గౌరవం పెరుగుతుంది. కొడవళ్లు, గొడ్డళ్లు, నాగటి కర్రులు, సైకిళ్లు, కుట్టుమిషన్లు, ట్రాక్టర్లు అన్నీ శుభ్రపడి బొట్టు పెట్టించుకుంటాయి. తాతల కాలంలో లైసెన్సు పొందిన కొన్ని ఇళ్లలో వీటితోపాటు ఇంకొక వస్తువు కూడా బీరువాలోంచి బయటకు వస్తుంది. పాత పంచె ముక్కలో చుట్టి, తోలు ఒరలో దాచి, ఏడాదంతా ఎవరూ ముట్టని పిస్తోలు అది. మహర్నవమి నాడు దానిని తుడిచి, పీట మీద ఉంచి, కుంకుమ పెట్టి, పూజ కాగానే మళ్లీ లోపల పెట్టేస్తారు.

ఆ ఒక్క పూటలోనే అది నలుగురి చేతులు మారుతుంది. పెద్దాయన తీస్తాడు, కొడుకు తుడుస్తాడు, అల్లుడు బరువు చూస్తాడు, మనుమడు ఒక్కసారి పట్టుకుంటానని మారాం చేస్తాడు. ఏం కాదులే, ఖాళీదేగా అని ఎవరో ఒకరు అంటారు. తుపాకి పేలి మనిషి పోయిన ఇళ్లలో, పోలీసులు వచ్చాక చెప్పుకునే మాట కూడా ఇదే.

తూటాలు ఉన్నాయని తెలిసిన తుపాకిని ఎంత ధైర్యస్థుడైనా ఒళ్లు దగ్గర పెట్టుకొని పట్టుకుంటాడు. ఖాళీదనుకున్న దానినే ఎటు పడితే అటు తిప్పుతాడు. ఇంట్లో పాము దూరిందంటే ఇల్లంతా మేలుకొని ఉంటుంది. బీరువాలో పాత పిస్తోలు ఉందంటే మాత్రం ఎవరికీ నిద్ర చెడదు. ఈ పండుగకు ఆ పిస్తోలును దించబోయే ఇళ్లవారు ముందుగా దాని స్వభావం తెలుసుకోవడం అవసరం.

ఎక్కడిదీ పిస్తోలు?

మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి చట్టంతో జమీందారీలు, హైదరాబాదు రాష్ట్రంలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. భూములు చేతులు మారినా, లైసెన్సు కలిగిన ఆయుధాలు చాలాచోట్ల ఆ కుటుంబాలలోనే మిగిలాయి. మోతుబరి రైతులు, వ్యాపారులు కూడా ఆత్మరక్షణకని కొన్నారు. 1980 దశకం మధ్యలో సామాన్య లైసెన్సుదారులకు విదేశీ ఆయుధాల దిగుమతి ఆగిపోవడంతో అప్పటికే ఇక్కడ ఉన్నవే చేతులు మారుతూ వస్తున్నాయి. ఆ విధంగా నేటికీ కొన్ని ఇళ్లలో 70, 80 ఏళ్లు దాటిన పిస్తోళ్లు ఉన్నాయి.

వీటిలో ఎక్కువగా కనిపించేవి .32 రకం. దీనినే 7.65 మిల్లీమీటర్ల రకమని కూడా అంటారు. ఈ తూటాను 1899 ప్రాంతంలో రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్ అనే అమెరికన్. ఆయన నమూనాలతోనే బెల్జియంలోని ఎఫ్.ఎన్. కంపెనీ 1900, 1910 మోడళ్లను, అమెరికాలోని కోల్ట్ కంపెనీ 1903 మోడల్‌ను తయారు చేశాయి. ఇంగ్లండులోని వెబ్లీ అండ్ స్కాట్, జర్మనీలోని వాల్తర్ కంపెనీలు కూడా ఇదే తూటాకు సరిపోయే పిస్తోళ్లు చేశాయి. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజును చంపి, మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు రాజేసిన పిస్తోలు ఎఫ్.ఎన్. 1910 మోడలే. అరచేతిలో ఇమిడిపోయేంత వస్తువని దానిని తక్కువగా అంచనా వేయరాదు.

కొన్నింటి మీద ‘ఆటోమేటిక్’ అని చెక్కి ఉంటుంది. వాస్తవానికి ఇవి సగం ఆటోమేటిక్ మాత్రమే. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే ఒక తూటాయే పేలుతుంది. అయితే పేలిన అదురుకు పైనున్న ఉక్కు స్లైడు దానంతటదే వెనక్కు జరిగి, ఖాళీ తొడుగును బయటకు విసిరి, తిరిగి ముందుకు వస్తూ మరో తూటాను గొట్టంలోకి తోస్తుంది. అంటే ఒక తూటా పేలగానే రెండోది ఎవరూ చెప్పకుండానే సిద్ధమై కూర్చుంటుంది. ప్రమాదానికి మూలం ఇక్కడే ఉంది.

గాదె ఖాళీ అయినా విస్తట్లో ముద్ద

ఈ పిస్తోలులో తూటాలు రెండుచోట్ల ఉంటాయి. ఒకటి పిడిలోకి దూర్చే మ్యాగజైన్. ఎఫ్.ఎన్. 1910లో ఏడు, కోల్ట్ 1903లో ఎనిమిది తూటాలు పడతాయి. రెండోది గొట్టం వెనుక భాగంలో ఉండే చిన్న అర. పేలేది ఆ అరలో ఉన్న తూటాయే. మ్యాగజైన్ గాదె అయితే, ఆ అర విస్తరి. గాదె మొత్తం ఊడ్చేసినా విస్తట్లో ముద్ద ఉండిపోవచ్చు.

చాలామంది మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టి, ఇక ఖాళీ అయినట్లేనని భావిస్తారు. అది పొరపాటు. అరలో తూటా ఉంటే, మ్యాగజైన్ లేకపోయినా పేలే పిస్తోళ్లు పాతవాటిలో చాలా ఉన్నాయి. ఎఫ్.ఎన్. 1910లో మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గరు పనిచేయకుండా ఏర్పాటు ఉంది. తొలినాళ్ల కోల్ట్ 1903లో అది లేదు. ఒక పిస్తోలు అలవాటుతో మరొక పిస్తోలును పట్టుకున్నవాడు మోసపోతాడు. పైగా అంత పాత యంత్రంలో ఆ ఏర్పాటు అరగకుండా, విరగకుండా ఉందని హామీ ఇచ్చేవారు ఎవరూ లేరు.

ఖాళీ చేయడంలో వరుస కూడా ముఖ్యమే. మ్యాగజైన్ లోపల ఉండగానే ముందు స్లైడు లాగితే అరలోని తూటా బయట పడుతుంది. చూసినవారు హమ్మయ్య అనుకుంటారు. కాని స్లైడు వదలగానే మ్యాగజైన్‌లోని తరువాతి తూటా అరలోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ తరువాత మ్యాగజైన్ తీసి పక్కన పెడతారు. కళ్లముందు ఒక తూటా నేలమీద ఉంది, మ్యాగజైన్ బల్లమీద ఉంది, పిస్తోలు మాత్రం నిండుగానే ఉంది. తుడిచేటప్పుడు పేలిందని చెప్పే ప్రమాదాలకు ఈ వరుస తప్పడం ఒక ప్రధాన కారణం.

కొత్త పిస్తోళ్లలో చివరి తూటా పేలగానే స్లైడు వెనక్కు నిలిచిపోయి ఖాళీ అయిందని తెలుపుతుంది. పాత ఎఫ్.ఎన్. 1910, కోల్ట్ 1903 పిస్తోళ్లలో ఆ సూచన ఉండదు. నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా బయటికి ఒకేలా కనబడతాయి.

కంటితో చూసి, వేలితో తడిమి

పిస్తోలును చేతిలోకి తీసుకోగానే చేయవలసిన పనులు ఇవి.

మొదట గొట్టం మూతిని మనుషులు లేని వైపు తిప్పాలి. ఇసుక నింపిన బకెట్టు ఒకటి గది మూలన పెట్టుకొని, మూతిని దానివైపు ఉంచడం శ్రేష్ఠం. మట్టిగోడ, రేకు తలుపు, పలుచని ఇటుక గోడ అడ్డుగా ఉన్నాయి కదా అని ధీమా పనికిరాదు. గోడకు అవతల వంటింట్లో ఎవరున్నారో ఇవతలివారికి తెలియదు. గచ్చు నేలకేసి పట్టుకోవడమూ మంచిది కాదు. గుండు గచ్చుకు తగిలి ఎటైనా మళ్లుతుంది.

రెండు, చూపుడు వేలు ట్రిగ్గరు కమ్మీ బయటే చాచి ఉండాలి. పిస్తోలు చేతికి రాగానే వేలు ట్రిగ్గరు మీదికి పోవడం మనిషి నైజం. ఆ నైజాన్ని అలవాటుతోనే మార్చుకోవాలి.

మూడు, మ్యాగజైన్‌ను ముందుగా తీసి దూరంగా పెట్టాలి.

నాలుగు, ఆ తరువాతే స్లైడును పూర్తిగా వెనక్కు లాగాలి. అరలో తూటా ఉంటే ఎగిరి పడుతుంది. ఎగిరే తూటాను చేత్తో పట్టుకోబోరాదు, పడనివ్వాలి. పాత పిస్తోలులో తూటాను బయటకు లాగే కొక్కెం అరిగిపోయి ఉంటే స్లైడు లాగినా తూటా అరలోనే ఉండిపోవచ్చు. కనుక స్లైడును వెనుకనే పట్టి ఉంచి, వెలుతురులో అరలోకి కంటితో చూడాలి. ఆపై చిటికెన వేలి కొసతో తడిమి చూడాలి. కన్ను పొరపడినా వేలు పొరపడదు.

ఐదు, ఒకరు ఖాళీ చేసి మరొకరి చేతికిచ్చినప్పుడు, తీసుకున్నవారు తిరిగి మొదటినుంచి అన్నీ చూసుకోవాలి. ఇచ్చినవారు తండ్రి అయినా, పోలీసు ఉద్యోగి అయినా మొహమాటం పనికిరాదు. ఆయుధం తెలిసినవారు దీనిని అవమానంగా భావించరు.

ఇంత చూసిన తరువాత కూడా నిండు పిస్తోలు పట్టుకున్నట్లే పట్టుకోవాలి. ఎవరివైపూ, తమ కాలివైపు కూడా, మూతిని తిప్పరాదు.

మీటను నమ్ముకోరాదు

సేఫ్టీ మీట వేసి ఉందిలే అన్న ధీమా కూడా ప్రమాదకరమే. కొన్ని పిస్తోళ్లలో పిడి వెనుక మరో మీట ఉంటుంది. పిడిని గట్టిగా పట్టుకుంటే అది లోపలికి పోయి, కాల్చడానికి దారి ఇస్తుంది. అంటే అది ఆయుధం చేతిలో లేనప్పుడు కాపాడుతుంది గాని, చేతిలో ఉన్నప్పుడు కాదు. పక్కనుండే మీట ఎన్నో ఏళ్లుగా అటూ ఇటూ తిరిగి వదులై ఉండవచ్చు. లోపలి కొక్కేలు అరిగిన పిస్తోలు నేలమీద పడినా, బల్లకు కొట్టుకున్నా పేలే అవకాశం ఉంది. నేటి పిస్తోళ్లలో కనిపించే అదనపు రక్షణలు నూరేళ్లనాటి నమూనాలలో ఉండవు.

అందుచేత అరలో తూటా పెట్టి బీరువాలో దాచడం, మొలలో దోపుకొని పొలానికి పోవడం, మోటారు సైకిలు పెట్టెలో వేయడం ఎంతమాత్రం తగదు. ఎద్దును కట్టేశామని దూడను కొమ్ముల ముందు వదిలేయం కదా.

తుడవడానికో పద్ధతి

శుభ్రం చేయడానికి కూర్చునేముందు గదిలోంచి తూటాలన్నింటినీ వేరే గదికి చేర్చాలి. మ్యాగజైన్ కూడా ఖాళీదై ఉండాలి. పిల్లలు, వచ్చే పోయేవారు లేని సమయం చూసుకోవాలి. మద్యం ముట్టిన రోజున ఆయుధం ముట్టరాదు.

భాగాలు విప్పడంలో ఆ మోడల్‌కు తగిన పద్ధతి తెలిసి ఉండాలి. ఎఫ్.ఎన్. 1910లో బలమైన స్ప్రింగు గొట్టం చుట్టూ చుట్టుకొని ఉంటుంది. మూతి దగ్గరి ఉంగరమే దానిని అణచిపెడుతుంది. ఆ ఉంగరాన్ని లోపలికి నొక్కి తిప్పితే ఊడుతుంది. అరచెయ్యి అడ్డుపెట్టకుండా వదిలితే స్ప్రింగు చివ్వున ఎగిరి కంటికి తగులుతుంది. తెలియనివారు విప్పకుండా లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో ఒకసారి చూపించుకొని నేర్చుకోవడం మంచిది. ఊడని భాగాన్ని సుత్తితో కొట్టడం, స్క్రూడ్రైవరుతో తిప్పి పెకలించడం వల్ల పిస్తోలు పాడవుతుంది. దానికి విడి భాగాలు ఇప్పుడు దొరకడం కష్టం.

గొట్టాన్ని వీలైనంతవరకు వెనుకవైపు నుంచి, అంటే తూటా దూరే వైపు నుంచి తుడవాలి. మూతి వైపు నుంచి ఇనుప చువ్వ దూర్చి రుద్దితే మూతి అంచు అరిగి గురి తప్పుతుంది. గొట్టానికి సరిపోయే ఇత్తడి బ్రష్షు, నూలు పేలికలు ఉంటే చాలు. పేలిక తెల్లగా బయటకు వచ్చేవరకు తుడిచి, ఆఖరున నూనె రాసిన పేలికను ఒక్కసారి నడిపించాలి.

చాలా పాత తూటాలలో మందును అంటించే రసాయనం కాలిన తరువాత ఉప్పు వంటి మసిని వదులుతుంది. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చి రెండు మూడు రోజులలోనే గొట్టాన్ని తినేస్తుంది. వట్టి నూనె దానిని కరిగించలేదు. అలాంటి తూటా పేల్చిన గొట్టాన్ని విప్పి వేడి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తరువాత నూనె పట్టించాలి.

ఖాళీ పిస్తోలును సరదాకు టిక్కు టిక్కుమనిపించడం మరొక దురలవాటు. నూరేళ్ల సూది పెళుసెక్కి ఉంటుంది. అదే పనిగా కొడితే విరుగుతుంది. పైగా వేలికి ట్రిగ్గరు నొక్కే అలవాటు పడుతుంది.

నూనె ఎక్కువైనా ముప్పే

కొబ్బరి నూనె, వంట నూనె ఆయుధానికి పనికిరావు. కొబ్బరి నూనె చలికి పేరుకుంటుంది. వంట నూనెలు కొన్ని నెలలకు జిగురై స్లైడును పట్టేస్తాయి. తుపాకులకని అమ్మే పలుచని నూనె మేలు. అది దొరకనప్పుడు మంచి కుట్టుమిషను నూనె తాత్కాలికంగా అక్కరకు వస్తుంది. కిరోసిన్ పాత జిడ్డును వదిలిస్తుంది గాని దానితోనే ఆపేస్తే ఇనుము బోసిపోయి త్వరగా తుప్పు పడుతుంది. తుడిచి, ఆరాక నూనె వేయాలి.

స్లైడు జారే గాడులలో ఒక్కో చుక్క, బయట పేలికతో పలుచని పూత చాలు. నూనె కారేటట్లు పోస్తే అది దుమ్మును పట్టి బురద అవుతుంది. తూటాలోకి దిగితే మందును చెడగొడుతుంది. పిడి చెక్కలకు నూనె అంటనివ్వరాదు.

పూజ కుంకుమ విషయంలోనూ జాగ్రత్త అవసరం. తడి కుంకుమ, పసుపు, పువ్వుల చెమ్మ, చేతి చెమట ఇనుము మీద రాత్రంతా ఉంటే తెల్లవారేసరికి మచ్చ పడుతుంది. పూజ కాగానే తుడిచి నూనె పేలికతో ఒత్తడం వల్ల భక్తికి లోటు రాదు. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి, వర్షాకాలంలో ముసురుకు ఈ పని నెలకొకసారైనా చేయవలసి ఉంటుంది.

తోలు ఒర చూపుకు అందంగా ఉన్నా నిల్వకు పనికిరాదు. తోలు పదును చేసిన లవణాలు, తోలు పీల్చుకున్న తేమ కలిసి ఆయుధాన్ని కొరికేస్తాయి. ఒరలో ఏళ్ల తరబడి ఉన్న పిస్తోలుకు తుప్పు పట్టేది ఒర తగిలే వైపే. నూనె పట్టించిన నూలుగుడ్డలో చుట్టి, గాలి ఆడే పొడి చోట ఉంచాలి.

తాత కొన్న తూటాలు

పిస్తోలుతోపాటు పాత అట్టపెట్టెలో కొన్ని తూటాలు కూడా వారసత్వంగా వస్తాయి. చిలుము పట్టినవి, గుండు వదులైనవి, తొడుగు పగిలినవి వాడరాదు. పాత తూటా పేలకపోతే వెంటనే స్లైడు లాగరాదు. మందు నెమ్మదిగా అంటుకొని కొన్ని క్షణాల తరువాత పేలవచ్చు. మూతిని నిర్భయమైన వైపు ఉంచి, కనీసం అర నిమిషం ఆగి ఆపైన తీయాలి. పేలిన శబ్దం మామూలుగా కాక పేలవంగా వస్తే గుండు గొట్టంలోనే చిక్కి ఉండవచ్చు. ఆ మీదట రెండోది కాలిస్తే గొట్టం పగిలి చెయ్యి పోతుంది.

.32 అన్న అంకె చూసి తూటా కొనడం కూడా తగదు. రివాల్వరుకు వాడే .32 తూటా వేరు, పిస్తోలుకు వాడే .32 తూటా వేరు. రివాల్వరుది పొడవు ఎక్కువ, అడుగు అంచు వెడల్పు. ఒకదానిలో మరొకటి దూర్చబోయి చిక్కులు తెచ్చుకోరాదు.

పనికిరాని తూటాలను పొయ్యిలో వేయడం, బావిలో పారేయడం, పాత ఇనుము వాడికి ఇవ్వడం చేయరాదు. పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల దుకాణంలో గాని అప్పగించి రసీదు పొందాలి.

నంబరే చిరునామా

తుప్పు వదిలించాలని కొందరు గరుకు కాగితంతో పిస్తోలును మిలమిల మెరిసేదాకా రుద్దుతారు. తుప్పుతోపాటు దానిమీది నంబరు కూడా అరిగిపోతుంది. ఆయుధం మీది నంబరును, పేరును చెరపడం 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నిషిద్ధం. నంబరు లేని ఆయుధం ఎవరి దగ్గర దొరికితే వారే చెరిపారని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం వారిదే.

నంబరు విలువ ఎంతటిదో భగత్ సింగ్ పిస్తోలు ఉదంతం చెబుతుంది. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్ అనే పోలీసు అధికారిని కాల్చినప్పుడు భగత్ సింగ్ వాడినది .32 కోల్ట్ ఆటోమేటిక్. ఆ తరువాత అది ఎక్కడుందో దశాబ్దాలపాటు ప్రజలకు తెలియలేదు. ఇండోరులోని సరిహద్దు భద్రతాదళం ఆయుధ శిక్షణ పాఠశాల మ్యూజియంలో ఇతర పాత ఆయుధాల మధ్య అది ఉండిపోయింది. తుప్పు పట్టకుండా నల్లరంగు పూసి ఉండడంతో నంబరు కనిపించలేదు. రంగు తొలగించి చూడగా 168896 అన్న అంకె బయటపడింది. కేసు రికార్డులలోని నంబరుతో అది సరిపోయింది. 2017లో దానిని ప్రజల దర్శనానికి ఉంచారు. తరువాత పంజాబులోని హుస్సేనీవాలాకు తరలించారు. రంగు పూసినవారు నంబరును దాచారు గాని చెరపలేదు. గరుకు కాగితంతో రుద్ది ఉంటే దేశం ఒక జ్ఞాపకాన్ని శాశ్వతంగా పోగొట్టుకునేది.

కొలిమికి తీసుకుపోరాదు

స్ప్రింగు మెత్తబడిందనో, సూది విరిగిందనో ఊరి కమ్మరి దగ్గరకు, లేతు మిషను షాపుకు పిస్తోలు తీసుకుపోవడం రెండు విధాల తప్పు. మొదటిది ప్రాణానికి. ఉక్కు పదును తెలియకుండా చేసిన సూది మెత్తబడి ముందుకే ఇరుక్కుంటే, స్లైడు మూసుకోగానే ట్రిగ్గరు నొక్కకుండానే తూటా పేలవచ్చు. రెండోది చట్టానికి. 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాల మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. చేసేవాడికి లైసెన్సు లేకపోతే ఇచ్చినవాడికీ, చేసినవాడికీ చిక్కే.

స్లైడు మీద గాని, చట్రం మీద గాని వెంట్రుకంత పగులు కనిపించినా ఆ పిస్తోలును కాల్చడం ఆపివేయాలి.

లైసెన్సుదారు గతిస్తే

ఆయుధం ఆస్తి వంటిది కాదు. తండ్రి పొలం కొడుకుకు వచ్చినట్లు తండ్రి పిస్తోలు దానంతటదే రాదు. లైసెన్సుదారు చనిపోయిన రోజునుంచి ఆ ఆయుధం ఇంట్లో ఉండడానికి చట్టబద్ధమైన ఆధారం ఉండదు. కర్మకాండల హడావిడిలో ఈ సంగతి ఎవరికీ తట్టదు. ఏళ్లు గడిచాక తనిఖీలో బయటపడితే, ఏ పాపం ఎరుగని వారసులు నిందితులవుతారు. లైసెన్సు లేకుండా ఆయుధం కలిగి ఉంటే 2019 సవరణ తరువాత శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు ఉంది. జరిమానా అదనం.

మార్గం లేకపోలేదు. ఆలస్యం చేయకుండా ఆయుధాన్ని దగ్గరి పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని జమ చేసి రసీదు తీసుకోవాలి. తరువాత వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం, లైసెన్సుదారు బతికి ఉండగానే 70 ఏళ్లు నిండినా, ఆయుధం పొంది 25 ఏళ్లు అయినా వారసునికి మార్పించుకునే వీలుంది. పెద్దలు ఉండగానే ఈ పని చేసుకోవడం అన్నివిధాలా మంచిది. 21 ఏళ్లు నిండని వారికి లైసెన్సు రాదు.

2019 డిసెంబరునుంచి ఒక వ్యక్తికి రెండు ఆయుధాలకు మించి ఉండరాదు. అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు గడువును మూడేళ్లనుంచి ఐదేళ్లకు పెంచారు. పెళ్లిలో, జాతరలో సంబరానికి గాలిలో కాల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

తుప్పు పట్టింది కదా, దీనికి లైసెన్సు ఎందుకని కొందరు వాదిస్తారు. మరమ్మతు చేసినా పనిచేయని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధానికే చట్టం మినహాయింపు ఇచ్చింది. నూనె వేస్తే కదిలే పిస్తోలుకు అది వర్తించదు.

నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 2024 జూలై 1నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అయినా కన్నబిడ్డను పోగొట్టుకున్న తండ్రికి కోర్టు వేసే శిక్ష ఒక లెక్క కాదు.

ఎన్నికల వేళ

ఎన్నికల ప్రకటన వెలువడగానే అధికారుల ఆదేశాలపై లైసెన్సు ఆయుధాలను ఠాణాలలో జమ చేయడం ఇక్కడివారికి తెలిసిందే. సామాన్యంగా ఫలితాలు వచ్చిన వారం తరువాత తిరిగి ఇస్తారు. ఠాణాకు తీసుకుపోయేటప్పుడు ఇంటివద్దనే పద్ధతి ప్రకారం ఖాళీ చేసి, తూటాలను వేరే సంచిలో ఉంచుకొని వెళ్లాలి. బల్లమీద పెట్టేముందు అక్కడి ఉద్యోగి సమక్షంలో మళ్లీ స్లైడు తెరిచి చూపాలి. రసీదులో కంపెనీ పేరు, నంబరు, తూటాల సంఖ్య సరిగా రాశారో లేదో చూసుకోవాలి. తిరిగి తెచ్చుకున్న రోజునే విప్పి తుడవాలి. వారాల తరబడి గోదాములో ఉన్న ఇనుము తేమ పీల్చకుండా ఉండదు.

జమ్మిచెట్టు చెప్పే నీతి

విజయదశమి నాడు జమ్మిచెట్టుకు మొక్కుతాం. అజ్ఞాతవాసానికి పోతూ పాండవులు తమ ఆయుధాలను ఆ చెట్టు మీద దాచిన కథ అందరికీ తెలిసిందే. ఊరికే దాచలేదు. శవంలా మూటగట్టి కొమ్మకు వేలాడదీశారు. దారిన పోయేవాడు, పశువుల కాపరి, ఆడుకునే పిల్లవాడు ఎవరూ దాని దరిదాపులకు రాకూడదని అలా చేశారు. తమకు అవసరమైనప్పుడు చేతికందాలి, పరుల చేతికి మాత్రం చిక్కరాదు. ఆయుధం దాచడంలో ఇంతకు మించిన సూత్రం లేదు.

ఇప్పటి జమ్మిచెట్టు తాళం ఉన్న ఇనుప పెట్టె. పిస్తోలు ఒక పెట్టెలో, తూటాలు మరో పెట్టెలో, రెండు తాళాలూ లైసెన్సుదారు దగ్గరే ఉండాలి. తలగడ కింద, బట్టల మడతల్లో, దేవుడి గూట్లో, అటక మీద దాచడం దాచినట్లు కాదు. పెద్దలు దాచిన చోటు ముందుగా కనిపెట్టేది పిల్లలే. అది ముట్టరానిదని, కనిపిస్తే పెద్దలను పిలవాలని వారికి విడమరచి చెప్పాలి.

పిస్తోలు వద్దనుకునేవారు దానిని లైసెన్సు గల డీలరు ద్వారా అమ్ముకోవచ్చు, లేదా అప్పగించి లైసెన్సు రద్దు చేయించుకోవచ్చు. ఉంచుకోదలచినవారు మాత్రం ఈ మహర్నవమికి దానిని దించేటప్పుడు, బొట్టు పెట్టడానికి ముందు మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి, అరలోకి చూసి, వేలితో తడమాలి. ఈ పనికి అర నిమిషం కంటె ఎక్కువ పట్టదు.